పగ ఒకరిది, చెయ్యి మరొకరిది

కిరాయి హత్యలో చంపాలన్న కోరిక ఒకరిది, చంపే చెయ్యి మరొకరిది. చంపించేవాడికి పగ ఉంటుంది, లేదా ఆస్తి మీద ఆశో గుట్టు బయటపడుతుందన్న భయమో ఉంటుంది. కాని హత్య జరిగే వేళకు అతను వేరే ఊళ్లో, పదిమంది మధ్య ఉంటాడు. చంపేవాడు ఘటనా స్థలంలోనే ఉంటాడు, కాని చనిపోయిన మనిషితో అతనికి గొడవ లేదు, చాలాసార్లు ముఖపరిచయం కూడా లేదు. మామూలు హత్యలో కారణమూ చర్యా ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. ఇక్కడ డబ్బు ఆ రెండింటినీ విడదీస్తుంది. పోలీసులకు ఈ నేరం చిక్కుముడిగా మారేది ఈ చీలిక వల్లే. మనస్తత్వ శాస్త్రానికీ ఇక్కడే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కోపం లేని మనిషి ముక్కూమొహం తెలియని మరో మనిషిని ఎలా చంపగలుగుతాడు? చంపేటంత కోపం ఉన్నవాడు ఆ పనిని డబ్బిచ్చి ఎందుకు చేయిస్తాడు?

తెర మీది కిరాయి హంతకుడు ఒంటరివాడు, మాట తక్కువవాడు, గురి తప్పనివాడు. కేసు రికార్డుల్లో కనిపించే మనిషి వేరు. అప్పుల్లో కూరుకుపోయినవాడు, దొంగతనాల్లోనో కొట్లాటల్లోనో జైలు చూసివచ్చినవాడు, చంపించేవాడికి తెలిసినవాడికి తెలిసినవాడు. ఆస్ట్రేలియా నేరశాస్త్ర సంస్థ 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. 1989 నుంచి 2002 దాకా ఆ దేశంలో వెలుగులోకి వచ్చిన 163 కిరాయి హత్యలను, హత్యాయత్నాలను జెన్నీ మౌజోస్, జాన్ వెండిటో అనే పరిశోధకులు పరిశీలించారు. దేశంలో జరిగే హత్యల్లో ఇవి సుమారు 2 శాతం. సగటు కిరాయి 16,500 ఆస్ట్రేలియన్ డాలర్ల దగ్గర తేలింది. చంపించడానికి కారణాల్లో మొదటి స్థానం మాఫియా తగాదాలదో రాజకీయాలదో కాదు, తెగిపోయిన దాంపత్యాలది, ప్రేమ బంధాలది. డబ్బు రెండో స్థానంలో నిలిచింది.

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ సిటీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ విల్సన్ బృందం 2014లో ఇలాంటి అధ్యయనమే వెలువరించింది. 1974 నుంచి 2013 వరకు జరిగిన 27 కేసులు, వాటిలో దొరికిన 36 మంది కిరాయి హంతకులు ఈ లెక్కలో ఉన్నారు. 35 మంది పురుషులు, ఒకే ఒక స్త్రీ. సగటు వయసు 38 ఏళ్లు. అందరికన్నా చిన్నవాడికి 15, పెద్దవాడికి 63. సగటు కిరాయి 15,180 పౌండ్లు, అత్యధికం లక్ష పౌండ్లు. అత్యల్పం 200 పౌండ్లు. ఆ 200 తీసుకున్నది ఆ 15 ఏళ్ల కుర్రాడే. 2010లో లండన్‌లో ఒక ఇంటి తలుపు తట్టి, తీసిన యువతిని కాల్చి చంపాడు. ఈ హత్యలు చీకటి గోదాముల్లో, నిర్జన ప్రదేశాల్లో జరిగినవి కావు. ఎక్కువ భాగం మామూలు కాలనీల్లో, బాధితులు దుకాణానికి వెళ్తున్నప్పుడో కుక్కను తిప్పుతున్నప్పుడో, దారిన పోయేవారు చూస్తుండగానే జరిగాయి.

ఒక ప్రాణానికి ఇంత తక్కువ ధరా అని చదివినవారి మనసు చివుక్కుమంటుంది. ప్రమాదం పెద్దదైతే కూలి కూడా పెద్దది కావాలన్నది ఆర్థిక శాస్త్రం చెప్పే లెక్క. యావజ్జీవమో ఉరో పడే అవకాశం ఉన్న పనికి కొన్ని వేలు మాత్రమే పలకడం ఆ లెక్కకు అందదు. మనస్తత్వ శాస్త్రంలో దీనికి వివరణ ఉంది. మనిషి మెదడు రేపటి నష్టాన్ని ఈరోజు లాభం కన్నా తేలిగ్గా తూస్తుంది. అందరిలోనూ ఉన్న ఈ గుణం నేరజీవితంలో ఉన్నవారిలో, మత్తుకు అలవాటుపడ్డవారిలో, నిన్నటి అప్పువాడు గుమ్మంలో నిలబడ్డవారిలో మరీ ఎక్కువ. చేతికొచ్చే అడ్వాన్స్ కంటికి కనబడుతుంది, జైలు కనబడదు. దానికి తోడు ఈ బేరంలో పోల్చుకోవడానికి మార్కెట్ రేటంటూ ఏదీ లేదు. పని ముగిశాక చంపించేవాడు మిగతా సగం ఎగ్గొట్టినా హంతకుడు ఏ కోర్టుకూ పోలేడు. అందుకే డబ్బు కోసం చంపాడన్న మాట నిజమే అయినా అది సగం నిజం. డబ్బు ఎందుకు చాలిందన్నది అసలు ప్రశ్న.

విల్సన్ బృందం ఈ హంతకులను నాలుగు రకాలుగా చూసింది. మొదటి రకం కొత్తవాడు. మొదటి హత్యే అయినా పథకం పకడ్బందీగానే వేయగలడు, దొరికిపోయేది తర్వాత నోరు జారడం వల్ల. రెండో రకం అవసరార్థం దిగినవాడు. వయసులో పెద్దవాడు, నేరచరిత్ర లేనివాడు, ఏదో ఆర్థిక ఇబ్బందిలోంచి బయటపడటానికి ఒప్పుకుంటాడు. చివరి క్షణంలో చెయ్యి వణికేదీ పని చెడగొట్టుకునేదీ ఎక్కువగా ఇతనే. మూడోవాడు చెయ్యి తిరిగినవాడు. నేరమే జీవనంగా బతుకుతూ, ఆయుధం ఎక్కడ దొరుకుతుందో బండి ఎక్కడ పారేయాలో తెలిసినవాడు. కాని ఆ నేర ప్రపంచంతో ఉన్న సంబంధాలే అతన్ని పట్టిస్తాయి, ఎందుకంటే అక్కడి కబురు పోలీసులకు చేరుతూనే ఉంటుంది. నాలుగోవాడు ఆరితేరినవాడు. బయటి ఊరి నుంచి వస్తాడు, పని ముగించుకుని వెళ్లిపోతాడు, స్థానికంగా అతన్ని ఎరిగినవారు ఉండరు. దొరికినవాళ్ల మీదే పరిశోధన జరుగుతుంది కనుక ఈ నాలుగోవాడి గురించి శాస్త్రానికి తెలిసింది అతి తక్కువ. సినిమాలు, నవలలు మాత్రం అతని చుట్టూనే తిరుగుతాయి. కిరాయి హంతకుడంటే జనం మనసులో మెదిలే బొమ్మకూ వాస్తవానికీ ఇంత దూరం ఏర్పడటానికి ఇదొక కారణం.

హంతకుడి కన్నా ముందు చంపించేవాడి మనసు చూడాలి, నేరం పుట్టేది అక్కడే కాబట్టి. భారతదేశంలో 2022లో 28,522 హత్య కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క చెబుతోంది. వాటిలో 9,962 కేసులకు తగాదాలు, 3,761 కేసులకు వ్యక్తిగత పగ, 1,884 కేసులకు లాభాపేక్ష కారణాలు. పొలం గట్లు, వాటాలు, వివాహేతర సంబంధాలు, బీమా సొమ్ము, అప్పులు: మామూలు హత్యలకు దారితీసేవే సుపారీ, అంటే కిరాయి, హత్యలకూ దారితీస్తాయి. కారణం మారదు, మనిషి దాన్ని నడిపించే తీరు మారుతుంది. ఆవేశంలో కత్తి దూసేవాడికి ఆలోచన ఉండదు. సుపారీ ఇచ్చేవాడు మాత్రం వారాల తరబడి, నెలల తరబడి ఆలోచిస్తూనే ఉంటాడు. పట్టుబడతానన్న భయం, శారీరకంగా చేతకాకపోవడం, పరువు కాపాడుకోవాలన్న తాపత్రయం అతన్ని మరొకరి చెయ్యి వెతుక్కునేలా చేస్తాయి. వీటన్నిటికీ అడుగున మరొకటి ఉంది. ఎదుట నిలబడి ప్రాణం తీయడం అతనికి సాధ్యం కాదు. డబ్బు చేతులు మారాక హత్య అతని మనసులో ఒక ఏర్పాటుగా మారిపోతుంది. తాను చంపలేదన్న మాట అతను పోలీసులతోనే కాదు, తనతో తాను కూడా చెప్పుకుంటాడు.

2018 సెప్టెంబరు 14న నల్గొండ జిల్లా మిర్యాలగూడలో జరిగిన హత్యలో ఈ గొలుసు మొత్తం కనిపిస్తుంది. కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్యతో కలిసి ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా వెనక నుంచి వచ్చి నరికి చంపారు. చంపించాలన్న పట్టుదల అమ్మాయి తండ్రిదని, కోటి రూపాయలకు బేరం కుదిరిందని పోలీసులు చెప్పారు. కత్తి పట్టినవాడు బీహార్ నుంచి వచ్చాడు. తండ్రికీ అతనికీ మధ్య ఒకరి తర్వాత ఒకరుగా మధ్యవర్తులున్నారు. ఆ యువకుడి పేరు గాని కులం గాని చంపినవాడి బతుకులో ఏ పాత్రా లేనివి. కులం పగ పైనుంచి కిందికి చేతులు మారుతూ వచ్చి, చివరికి ఒక పనిగా అతన్ని చేరింది. ప్రధాన నిందితుడైన తండ్రి విచారణ ముగియకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు నరికినవాడికి మరణశిక్ష, మిగతా ఆరుగురికి యావజ్జీవం విధించింది.

మధ్యవర్తి పాత్ర గురించి పరిశోధనలు తక్కువగా మాట్లాడతాయి గాని, ఈ నేరం నిలబడేది అతని మీదే. అతను మాట మాత్రమే చేరవేస్తాడు, డబ్బులో వాటా ఉంచుకుంటాడు, కత్తి ముట్టుకోడు. గొలుసులో ఎంతమంది ఉంటే నేరభారం అన్ని ముక్కలవుతుంది. చంపించేవాడు తన చెయ్యి లేదనుకుంటాడు, మధ్యవర్తి నిర్ణయం తనది కాదనుకుంటాడు, హంతకుడు తాను కాకపోతే మరొకడు చేసేవాడనుకుంటాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా దీన్నే నైతిక నిర్లిప్తత అనే సిద్ధాంతంగా వివరించారు. మనిషికి మంచిచెడ్డలు తెలియకపోవడం వేరు, తెలిసిన మంచిచెడ్డలను ఒక్క పని మేరకు పక్కన పెట్టడం వేరు. బాధ్యతను పైవాడి మీదికి నెట్టడం, పదిమందిలో పంచేయడం, బాధితుణ్ణి మనిషిగా చూడకపోవడం, చేసే పనికి మెత్తని పేరు పెట్టడం ఆ పక్కన పెట్టే మార్గాలు. తెలుగు నేర ప్రపంచంలో చంపడమన్న మాట వినిపించదు. లేపేయడం, స్కెచ్ వేయడం, పని పూర్తి చేయడం అంటారు. ముంబయి ముఠాల్లోనూ ఇదే తీరు.

ఈ మార్గాలు నేరస్తుల సొత్తు కాదని ఒక అధ్యయనం చూపింది. బందూరాతో కలిసి మైకేల్ ఓసోఫ్‌స్కీ, ఫిలిప్ జింబార్డో 2005లో ప్రచురించిన పరిశోధన అమెరికా దక్షిణాదిలోని మూడు రాష్ట్రాల జైళ్లలో మరణశిక్ష అమలు చేసే సిబ్బందిని పరిశీలించింది. చట్టబద్ధంగా ప్రాణం తీసే పనిలో నేరుగా పాల్గొన్నవారిలోనే ఈ నైతిక నిర్లిప్తత ఎక్కువగా కనిపించింది. ఖైదీలకు, కుటుంబాలకు ఊరట కలిగించే పనుల్లో ఉన్న సిబ్బందిలో అది తక్కువ. కోపం లేకుండా చంపడానికి మనసు ఏ దారులు వెతుక్కుంటుందో చట్టం లోపలా బయటా ఒకే తీరులో కనబడటం ఆలోచించాల్సిన విషయం.

కిరాయి హంతకుడి మనసులోకి దగ్గరగా తొంగిచూసిన అధ్యయనం 1981లో వచ్చింది. సమాజ శాస్త్రవేత్త కెన్ లెవీ డెట్రాయిట్‌లో కిరాయి హత్యలు చేసి జైలు పాలైన ఒక వ్యక్తితో మాట్లాడి, అతనికి పీట్ అని మారుపేరు పెట్టి ఆ వ్యాసం రాశారు. అంతకు ముందే 1957లో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేరస్తులు తమ తప్పును తమకు తాము ఎలా సర్దిచెప్పుకుంటారో ఐదు తీరులుగా చెప్పారు: బాధ్యత నాది కాదు, జరిగిన హాని లేదు, వాడికి తగిన శాస్తే, వేలెత్తి చూపేవాళ్లు మాత్రం మంచివాళ్లా, నా వాళ్ల కోసం చేశాను. ముఠాలో పెరిగినవాడికి ఈ సమర్థనలు చుట్టూ ఉన్నవాళ్ల నుంచే వస్తాయి. ముఠా లేకుండా సొంతంగా పనిచేసే హంతకుడికి ఆ ఆసరా లేదు, ఎందుకంటే తన పని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. మరి అతను తనకు తాను ఎలా సర్దిచెప్పుకుంటాడన్నది లెవీ అడిగిన ప్రశ్న.

జవాబు ఒప్పందంలోనే దొరికిందంటారు లెవీ. పీట్ తన పనిని వ్యాపారంగా చూశాడు. ధర ముందే ఖాయం, డబ్బు ముందే చెల్లింపు, బాధితుడితో సంబంధం లేదు, కారణం తాను అడగడు. ఇదంతా జాగ్రత్త కోసమే కాదు, మనసుకు కట్టుకున్న గోడ కూడా. ఎర్వింగ్ గాఫ్‌మన్ చెప్పిన చట్రం అనే భావనను లెవీ ఇక్కడ వాడుకున్నారు. ఏ పనినైనా మనిషి ఏదో ఒక చట్రంలో పెట్టి చూస్తాడు. శవపరీక్ష చేసే వైద్యుడు శరీరాన్ని కోస్తున్నా దాన్ని హింసగా భావించడు, ఎందుకంటే అక్కడ చట్రం వేరు. పీట్ హత్యను ఉద్యోగమనే చట్రంలో పెట్టాడు. కాని మొదటిసారి ఆ చట్రం నిలబడలేదు. చనిపోతున్న మనిషి కళ్లలోని చూపు అతన్ని వెంటాడింది. ఆ తర్వాతి పనుల్లో కళ్లలోకి చూడటం మానేశాడు. ఆయుధం, సమయం, దారి, తప్పించుకునే తీరు వంటి వివరాల మీదే మనసు నిలిపాడు. చంపడం పట్ల విముఖత పుట్టుకతో లేదని చెప్పడానికి ఇక్కడ ఆధారం లేదు. ఉన్నదాన్ని ఒక్కొక్క మెట్టుగా అణిచివేసుకున్నాడని చెప్పడానికి ఉంది. మొదటి హత్యకూ రెండో హత్యకూ మధ్య జరిగే ఈ మార్పే ఒక మనిషిని కిరాయి హంతకుడిగా తయారుచేస్తుంది.

కిరాయి హంతకులందరూ సైకోపాత్‌లేనా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. సైకోపతీ అంటే పిచ్చి కాదు. జాలి, పశ్చాత్తాపం, భయం లోతుగా కలగకపోవడం, పైపై ఆకర్షణ, అబద్ధాలు, ఎదుటివారిని వాడుకునే గుణం కలిసిన వ్యక్తిత్వ లోపం. కెనడా శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ దీన్ని కొలవడానికి 20 అంశాల పట్టికను రూపొందించారు. 40కి 30 గాని అంతకు మించి గాని వస్తే సైకోపాత్‌గా లెక్కిస్తారు. మైకేల్ వుడ్‌వర్త్, స్టీఫెన్ పోర్టర్ 2002లో 125 మంది కెనడా హంతకులను ఈ పట్టికతో పరిశీలించారు. సైకోపాత్‌లు చేసిన హత్యల్లో 93.3 శాతం ఆవేశంలో కాకుండా ఏదో లాభం కోసం చేసినవే. మిగతావారిలో అది 48.4 శాతం. లాభం కోసం, ప్రశాంతంగా చంపడానికి సైకోపతీ దారి సులువు చేస్తుందని దీన్నిబట్టి చెప్పవచ్చు. అయితే రెండో అంకెను వదిలేయకూడదు. సైకోపాత్‌లు కాని హంతకుల్లోనూ దాదాపు సగం మంది లాభం కోసమే చంపారు.

మెదడు చిత్రాలు ఇంకో కోణం చూపాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త ఏడ్రియన్ రెయిన్ బృందం 1998లో పెట్ స్కాన్‌ల ద్వారా 24 మంది హంతకుల మెదళ్లను రెండు గుంపులుగా పోల్చింది. ఆవేశంలో చంపినవారిలో, ప్రవర్తనకు పగ్గం వేసే ముందరి మెదడు చురుకుదనం తగ్గి ఉంది. పథకం ప్రకారం వేటాడి చంపినవారిలో ఆ భాగం చాలావరకు మామూలుగానే పనిచేస్తోంది. కాని ఉద్రేకాలకు మూలమైన లోపలి భాగాల్లో చురుకుదనం రెండు గుంపుల్లోనూ ఎక్కువగా ఉంది. పథకంతో చంపేవాడికి ఉద్రేకం లేదనుకోవడం పొరపాటు, దాన్ని పట్టి ఉంచి తన పనికి వాడుకునే శక్తి అతనికుంది. ఈ అధ్యయనంలోని వారు కిరాయి హంతకులు కారు, సంఖ్య కూడా చిన్నది. అయినా పగ్గం తెగడం వల్ల జరిగే హత్యకూ పగ్గం చేతిలో ఉండగానే జరిగే హత్యకూ తేడాను మెదడు స్థాయిలో చూపినందుకు దీనికి విలువ ఉంది.

సైకోపతీ ఎక్కువైతే ఈ పనికి అడ్డం కూడా. మాట నిలబెట్టుకోనివాడు, తొందరపాటు మనిషి, గొప్పలు చెప్పుకునేవాడు చంపించేవాడికి ప్రమాదం. న్యూజెర్సీకి చెందిన రిచర్డ్ కుక్లిన్‌స్కీ కథ దీనికి ఉదాహరణ. 1986లో అరెస్టయ్యేదాకా భార్యాబిడ్డలతో మామూలు గృహస్థుగా బతికాడు. 1988లో హత్యానేరాలు రుజువయ్యాయి. జైలు నుంచి టీవీ ఇంటర్వ్యూల్లో వంద మందికి పైగా చంపానని చెప్పుకున్నాడు. ఆ లెక్కను దర్యాప్తు అధికారులు, పరిశోధకులు చాలామంది నమ్మలేదు. మనోవైద్యుడు పార్క్ డీట్జ్ అతనితో మాట్లాడి సంఘవ్యతిరేక వ్యక్తిత్వ లోపం, అనుమాన వ్యక్తిత్వ లోపం రెండూ ఉన్నాయని చెప్పారు. భయం తక్కువగా పుట్టిన స్వభావానికి తండ్రి చేతుల్లో తిన్న దెబ్బలు తోడయ్యాయన్నది ఆయన అంచనా. ఒక హంతకుడు తన గురించి చెప్పుకునే మాటలను సాక్ష్యంగా తీసుకోవడంలో ఎంత జాగ్రత్త కావాలో కుక్లిన్‌స్కీ కేసు నేర్పింది.

ముఠాల్లోకి వచ్చేసరికి వ్యక్తిత్వం కన్నా వ్యవస్థ ముఖ్యమవుతుంది. 1930ల్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఉండి, పత్రికలు మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్ అని పేరు పెట్టిన ముఠాలో హంతకులకు జీతాలుండేవి. ఒక నగరంలో పనికి మరో నగరం నుంచి మనుషులను పంపేవారు. మూడు దశాబ్దాల కింద ముంబయి ముఠాలదీ ఇదే పద్ధతి. నగరంలో ఎవరూ ఎరగని కుర్రాళ్లను ఉత్తరప్రదేశ్ నుంచి, ముఖ్యంగా ఆజంగఢ్ వైపు నుంచి రప్పించేవారు. ఆ రోజుల్లోనే, 1997 ఆగస్టు 12న క్యాసెట్ల వ్యాపారి గుల్షన్ కుమార్‌ను అంధేరీలో గుడి బయట కాల్చి చంపారు. 2011 జూన్ 11న పవయ్‌లో నేర వార్తల విలేకరి జె. డేను చంపినవారికి తాము కాల్చింది ఎవరినన్నది ముందు తెలియదని పోలీసులు చెప్పారు. ఆ కేసులో 2018లో ముఠా నాయకుడు ఛోటా రాజన్‌తో సహా తొమ్మిది మందికి యావజ్జీవం పడింది. బాధితుడి వివరాలు చెప్పకపోవడం రహస్యం కోసమే కాదు. పేరు, వృత్తి, పిల్లలు తెలిస్తే లక్ష్యం మనిషవుతాడు.

కొలంబియాలోని మెడెయీన్ నగరంలో 1980ల్లో కిరాయి హత్యే పేటల యువత జీవనంగా మారింది. కొకైన్ ముఠాలు కొండవాలు పేటల్లోని పిల్లలను మోటారు సైకిళ్లెక్కించాయి. ముందువాడు బండి నడిపితే వెనకవాడు కాల్చేవాడు. 1984 ఏప్రిల్ 30న బొగోటాలో న్యాయశాఖ మంత్రి రోద్రిగో లారా బొనీయాను చంపింది అలాంటి జంటే. 1991 నాటికి మెడెయీన్‌లో లక్ష జనాభాకు దాదాపు 380 హత్యలు జరిగాయి. ఆ కుర్రాళ్లతో మాట్లాడి 1990లో పుస్తకం రాసిన పాత్రికేయుడు అలోన్సో సలజార్ తర్వాత అదే నగరానికి మేయరయ్యారు. ఆ కుర్రాళ్లు పనికి ముందు సబనేతా గుడిలో మేరీమాతకు మొక్కుకునేవారు. వచ్చిన డబ్బుతో బండి, బట్టలు, అమ్మకు ఫ్రిజ్ కొనేవారు. ఎక్కువ కాలం బతుకుతామని వాళ్లనుకోలేదు. ఇరవై ఏళ్లు దాటి బతకననుకునే పిల్లవాడికి జైలు శిక్ష భయం పెట్టదు. ఇక్కడ కనిపించేది రాయి గుండె కాదు. తల్లి మీద ప్రేమ, దేవుడి మీద భక్తి ఉన్న మనసే చంపడాన్ని తన ప్రపంచంలో సర్దుకుంది. సైకోపతీతో దీన్ని వివరించడం అన్యాయం, పేదరికం ఒక్కదానితో వివరించడం అసంపూర్ణం. అవే పేటల్లో అంతే పేదరికంలో పెరిగిన పిల్లల్లో అత్యధికులు తుపాకీ పట్టలేదు. పట్టినవారికి పేటలో గౌరవం, ఒక ముఠాలో చోటు, భయపడటం మాని భయపెట్టడం దొరికాయి.

రాయలసీమ ముఠా కక్షలను కిరాయి హత్యలతో కలిపి చూడటం సరికాదు. అక్కడ నాయకుడి వెంట నడిచి వేటకొడవలి పట్టినవాడికి ఊరి పగ సొంత పగే. తన ఇంట్లోనూ ఎవరో బలైపోయి ఉంటారు. నాయకుడు అతని కేసు ఖర్చులు, కుటుంబ పోషణ చూస్తాడు గాని అది కిరాయి బేరం కాదు. విధేయత, భయం, ప్రతీకారం కలగలిసిన బంధం. సైక్స్, మాట్జా చెప్పిన ‘నా వాళ్ల కోసం’ అన్న సమర్థన ఇక్కడ నిండుగా పనిచేస్తుంది, సుపారీ హత్యలో దాని చోటును డబ్బు తీసుకుంటుంది.

ఈ దశాబ్దంలో కలవరపెడుతున్న మార్పు వయసుది. స్వీడన్‌లో 2025 నాటి చట్టం ప్రకారం నేరబాధ్యత 15 ఏళ్లకు మొదలవుతుంది. అక్కడి ముఠాలు అంతకన్నా చిన్న పిల్లలను ఎన్‌క్రిప్టెడ్ చాట్ యాప్‌లలో హత్యలకు కుదుర్చుకుంటున్నాయి. పనులను ప్రకటనల్లా పెడతారు, ఆటలో స్థాయిల్లా వర్ణిస్తారు. పనిచ్చినవాడి ముఖం పిల్లవాడు ఎప్పుడూ చూడడు. ఇలాంటి నియామకాలను ఎదుర్కోవడానికి యూరోపోల్ 2025లో ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. పిల్లలే ఎందుకు దొరుకుతున్నారన్నదానికి కౌమార మనస్తత్వ శాస్త్రంలో సమాధానముంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ 2005లో కంప్యూటర్ మీద బండి నడిపే ఆట పెట్టి మూడు వయసుల వారిని పరీక్షించారు. స్నేహితులు చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికన్నా చాలా ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. ఆ వయసులో మెప్పు, ఉత్సాహం వైపు లాగే మెదడు వ్యవస్థ ముందే చురుకెక్కుతుంది, పగ్గం వేసే ముందరి మెదడు ఇరవైల్లోకి వచ్చాక గాని పూర్తిగా ఎదగదు. ముఠాలు ఈ శాస్త్రం చదవలేదు, కాని ఆ సందును సరిగ్గా పట్టుకున్నాయి.

చంపిన తర్వాత మనసులో ఏమవుతుందన్నది కూడా ఒకే తీరులో ఉండదు. రేచల్ మెక్‌నేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చంపడం వల్ల చంపినవారికే కలిగే మానసిక గాయం గురించి 2002లో పుస్తకం రాశారు. వియత్నాం యుద్ధ సైనికుల్లో, చంపామని చెప్పినవారిలో ఆ గాయం లక్షణాలు ఎక్కువని ఆమె చూపారు. విల్సన్ బృందం పరిశీలించిన బ్రిటిష్ జాబితాలోని ఏకైక స్త్రీ న్యూజీలాండ్ నుంచి వచ్చిన యువతి. 1992లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో రోగిగా ఉన్న వ్యాపారిని కాల్చి, స్వదేశానికి వెళ్లిపోయింది. అక్కడ దైవచింతన వైపు మళ్లి, తిరిగి వచ్చి నేరం ఒప్పుకుని యావజ్జీవ శిక్ష అనుభవించింది. పక్కన పెట్టిన అంతరాత్మ ఇలా తిరిగి రావడం ఉంది. మత్తులో ముంచి దాన్ని రానివ్వకుండా చూసుకునేవారూ ఉన్నారు.

దర్యాప్తులో ఈ మనస్తత్వమంతా పనికొస్తుంది. చంపించేవాడు మొదటిసారి హంతకుణ్ణి వెతికేటప్పుడు పరిచయస్తులను అడుగుతాడు, ఆ అడిగినవారిలో ఒకరు పోలీసులకు చెబుతారు. చాలా దేశాల్లో పోలీసులే కిరాయి హంతకుల వేషంలో వెళ్లి బేరం రికార్డు చేస్తారు. ఇంటర్నెట్ చీకటి మూలల్లో హంతకులను అద్దెకిస్తామనే వెబ్‌సైట్లు చాలావరకు మోసాలే. బేసా మాఫియా అనే సైట్ సమాచారం 2016లో బయటపడినప్పుడు, అది బిట్‌కాయిన్లు తీసుకుని ఎవరినీ చంపలేదని తేలింది. కాని డబ్బు కట్టినవారి కోరిక మాత్రం నిజం. వారిలో ఒకడు ఎదురుచూసి విసిగి తన భార్యను తానే చంపాడు. హత్య జరిగిపోయిన కేసుల్లో పోలీసులు కాల్ డేటా, రెక్కీ సమయంలోని సీసీ కెమెరా దృశ్యాలు, ఖాతాల్లోంచి తీసిన నగదు ఆధారంగా కింది నుంచి పైకి వెళ్తారు. గొలుసులో ముందుగా తెగేది మధ్యవర్తే. బాధ్యత తనది కాదన్న సమర్థనే అప్రూవర్‌గా మారడానికి అతనికి దారి చూపుతుంది. ఒక్కోసారి హంతకుడే ఆ పని చేస్తాడు. మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్ కూలిపోయింది 1940లో ఏబ్ రెలెస్ అనే హంతకుడు నోరు విప్పినందువల్లే. మరుసటి ఏడాది నవంబరులో పోలీసు కాపలాలో ఉండగానే అతను హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు.

భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరాల జాబితాలో కిరాయి హత్యను పేరుపెట్టి చేర్చింది. దాని వల్ల ప్రాణం పోతే మరణశిక్ష లేదా యావజ్జీవం, కనీసం 10 లక్షల రూపాయల జరిమానా పడతాయి. ముఠాతో సంబంధం లేకుండా ఒక్కసారి కుదిరిన సుపారీకి హత్య, నేరపూరిత కుట్ర, ప్రేరేపణ సెక్షన్లు వర్తిస్తాయి. 95వ సెక్షన్ 18 ఏళ్లలోపు పిల్లలను నేరానికి కుదుర్చుకునేవారి గురించి చెబుతుంది. కుదుర్చుకున్నందుకే మూడు నుంచి పదేళ్ల జైలు. ఆ పిల్లవాడు నేరం చేస్తే, చేయించిన మనిషికి ఆ నేరం తానే స్వయంగా చేసినట్టుగా శిక్ష పడుతుంది.